నడక చూసి రాసిన సర్టిఫికెట్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో నన్ను పలమనేరు పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా వేశారు. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లున్నాయి. అక్కడ పనంతా పాడి ఆవులతోనే. సంతలో ఆవును కొనబోయే రైతు దాన్ని నాలుగడుగులు నడిపించి, పక్కనున్న డాక్టరు ముఖం చూస్తాడు. డాక్టరు తలూపితే బేరం కుదిరినట్టే. ముప్పై ఏళ్లు అలా తలూపినవాణ్ణి నేను. నా అంచనా తప్పిన సందర్భాలు లేవని కాదు, ఎవరూ నా ముందర అనలేదు.

నేను తలూపితే ఆవుల్ని కొన్నవాళ్లలో మునిరత్నం ఒకడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఊరి చివర చిన్న డెయిరీ. ఆయన కూతురు రమాదేవి హైస్కూల్లో లెక్కల టీచరు, అప్పటికి నలభై ఏళ్లుంటాయి. పెళ్లి వద్దనుకుని తండ్రి దగ్గరే ఉండేది. నరాల మీది పొర దెబ్బతినే జబ్బు, మల్టిపుల్ స్క్లిరోసిస్, ఐదేళ్లుగా ఆమె కాళ్లను పట్టుకుంది. నిలబడితే తూలేది. కర్రతో నడుస్తూ బడిలో రెండుసార్లు పడింది. మూడోసారి పడితే ఎవరు జవాబు చెప్పాలంటూ హెడ్‌మాస్టరు దీర్ఘ సెలవు పెట్టమంటున్నాడు. ఆమెకు పాఠం చెప్పడం తప్ప ఇంకో జీవితం లేదు.

బెంగళూరు పక్కన ఒకావిడ ఇలాంటివాళ్ల కోసం కుక్కలకు శిక్షణ ఇస్తుందని రమాదేవే కనుక్కుంది. కుక్క వీపుకు పట్టీ, ఆ పట్టీకి గట్టి పిడి. మనిషి బరువంతా అది మోయదు, తూలినప్పుడు నిలదొక్కుకునే ఆసరా ఇస్తుంది. కిందపడ్డ వస్తువు అందిస్తుంది. దానికి ఎముకలు ముదిరి ఉండాలి, తుంటి కీళ్లు గట్టిగా ఉండాలి. మునిరత్నం చిత్తూరులో తెలిసినవాళ్ల దగ్గర నుంచి ఏడాదిన్నర వయసున్న లాబ్రడార్ ఆడకుక్కను తెచ్చాడు. ఆవులకు పెట్టినట్టే దానికీ గౌరి అని పేరు పెట్టాడు.

శిక్షకురాలు పంపిన ఫారంలో కళ్లకు, చెవులకు, గుండెకు, కీళ్లకు వేర్వేరు గడులున్నాయి. తుంటి కీళ్ల గడిలో ఎక్స్‌రే ఫిల్ము నంబరు రాయాలి. అందుకు కుక్కను తిరుపతి తీసుకెళ్లి, మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి తీయించాలి. అక్కడివాళ్లు వారం తర్వాత రమ్మన్నారు. శిక్షణకు చేర్చుకునే గడువు నాలుగు రోజులే ఉంది, తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

మునిరత్నం గౌరిని ఆసుపత్రి ఆవరణలో నడిపించి నా ముఖం చూశాడు. అది నడుము అటూ ఇటూ ఊపుతూ ఠీవిగా నడిచింది. ఎక్కడా కుంటు లేదు.

"మీరు సూసినాక ఇంక ఎక్స్‌రే ఏంటికి సార్?" అన్నాడు.

ఆ మాట నాకు తియ్యగా తగిలింది. ఫిల్ము నంబరు ఉండాల్సిన చోట 'సాధారణం' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను. రెండు రోజులకు శిక్షకురాలు ఫోన్ చేసి ఫిల్ము ఏదని మర్యాదగానే అడిగింది. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, నా కన్ను చాలదా అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం నాది. నా సంతకం మీదే ఆమె గౌరిని చేర్చుకుంది.

ఎనిమిది నెలల శిక్షణ తర్వాత గౌరి తిరిగొచ్చింది. ఒకసారి బడికి వెళ్లి చూశాను. రమాదేవి ఎడమచేత్తో పిడి పట్టుకుని బోర్డు ముందర నిలబడి లెక్క చేయిస్తోంది. సుద్దముక్క జారిపడితే గౌరి నోటితో తెచ్చి అందించింది. పనిలో ఉన్నప్పుడు దాన్ని తాకకూడదని పిల్లలందరికీ తెలుసు. నాకు గర్వంగా అనిపించింది, దాచడమెందుకు.

అది తిరిగొచ్చిన ఐదో నెలలో ఒక ఉదయం బడి వరండా మెట్ల దగ్గర గౌరి ఆగిపోయింది. మొండికేసిందనుకుని, శిక్షణలో నేర్పిన ప్రకారం రమాదేవి రెండోసారి ఎక్కమంది. అది మాట విని ఎక్కింది. రెండో మెట్టు మీద దాని వెనక కాళ్లు మడతపడ్డాయి. పిడితోపాటు ఆమె కూడా పక్కకు పడింది. తొడ ఎముక విరిగింది.

మర్నాడే గౌరిని తిరుపతి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. తుంటి కీళ్లు రెండింటికీ తొడ ఎముక కూర్చునే గిన్నెల్లో లోతు లేదు, ఎముక అరిగిపోయి ఉంది. ఈ జాతి కుక్కల్లో తరతరాలుగా వచ్చే లోపం. ఒక కాలు నొప్పి పెడితే జంతువు కుంటుతుంది. రెండూ సమంగా నొప్పి పెడితే ఏ కాలు కుంటాలి? బరువు ముందుకాళ్ల మీదికి తోసి, నడుము ఊపుతూ నడుస్తుంది. నేను ఠీవి అనుకున్నది అదే. కాలేజీలో చదువుకున్న సంగతే. ఆవుల్ని చూసి చూసి మరిచిపోయాను.

ఫిల్ము పట్టుకుని వాళ్లింటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. మునిరత్నం లేచి ఆవుల పాకలోకి వెళ్లిపోయాడు. రమాదేవి మంచం మీద ఉంది.

"గౌరికి ఎప్పట్నుంచి నొప్పి ఉండాది సార్?" అని అడిగింది.

శిక్షణ రోజుల నుంచే ఉండొచ్చన్నాను.

"అంత నొప్పితోనే నన్ను నిలబెట్టిందా? నేను రెండోసారి కూడా ఎక్కమంటినే" అని గోడవైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎముక అతికింది. కానీ నాలుగు నెలలు మంచాన ఉన్న కాళ్లు ఆ జబ్బుతో మళ్లీ లేవలేదు. స్వచ్ఛంద విరమణకు ఆమే రాసిచ్చింది. గౌరికి పట్టీ తీసేశారు. నొప్పి మాత్రలు మింగి ఆమె మంచం పక్కనే పడుకునేది. పెన్ను జారిపడితే మాత్రం మెల్లగా లేచి తెచ్చిచ్చేది.

ఆ తర్వాత ఏ సర్టిఫికెట్‌లోనైనా నేను పరీక్షించని గడిలో 'పరీక్షించలేదు' అనే రాశాను. కొందరు రైతులు విసుక్కుని వేరే డాక్టర్ల దగ్గరికి పోయారు. చూడనిదాన్ని చూసినట్టు రాసే హక్కు ఎంత అనుభవమున్నా రాదు. ఇది నేర్చుకోవడానికి నాకు దాదాపు సర్వీసంతా పట్టింది, దాని ఖరీదు ఇంకొకరు చెల్లించారు.

విరమణకు నెల ముందు మునిరత్నం ఆవు బీమా సర్టిఫికెట్ కోసం వచ్చాడు. కొట్టం నుంచి ఆవును తేలేదు. ఆవు ఆరోగ్యం గడిలో 'పరీక్షించలేదు' అని రాసి, ఆవును తెస్తే మిగతాది రాస్తానని కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని నిదానంగా చదువుకున్నాడు.

"ఈ మాట ఆ పొద్దు రాసింటే సాలు గదా సార్" అన్నాడు.

చాలునన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆవును తేవడానికి వెళ్లాడు.