మార్లిస్ హక్కలా ఉద్యోగం పోయిన సంవత్సరం

మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే వారపత్రికకు మార్లిస్ హక్కలా ఇరవై ఆరేళ్లు సలహాదారుగా ఉంది. మిన్నెసోటా ఇనుప గనుల ఊళ్లో, ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఇంట పుట్టింది. ఆ ఊరి పత్రికలోనే విలేకరిగా పనిచేసేది. గని మూతపడ్డ ఏడాదే పత్రికా మూతపడింది. అప్పుడు సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరికి వచ్చింది.

పిల్లలు రాసినదాన్ని ఆమె అచ్చుకు ముందు తనంతట తాను చదివేది కాదు. చదివితే ఆపే అధికారం కూడా తనకుందని పైవాళ్లు అనుకుంటారనేది. ఎవరైనా తెచ్చి చూపిస్తే మాత్రం, ఇది నీకెవరు చెప్పారు, అవతలివాళ్లని అడిగావా అని రెండే మాటలు అడిగేది. జవాబు లేక వెనక్కి తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా పేరు వెర్న్ సోల్బెర్గ్. నాకు రాయడం అబ్బలేదు గాని పేజీలు కూర్చడం పట్టుబడింది. చదువయ్యాక విశ్వవిద్యాలయం అచ్చుకూటంలోనే కుదురుకున్నాను.

మా రోజుల్లో సంపాదకుడు కొలిన్ స్ట్రాండ్. చురుకైనవాడు, తొందర ఎక్కువ. భోజనశాలలో మాంసం పెట్టెలు మాయమవుతున్నాయని విని, ఒక వంటామె దొంగిలిస్తోందని పేరు పెట్టి రాసేశాడు. పెట్టెలు అసలు భోజనశాలకు చేరనేలేదని తర్వాత తేలింది. కొలిన్‌ను చదువు మాన్పించి పంపేస్తానన్నాడు డీన్. మార్లిస్ వెళ్లి, తప్పు తనదని, తాను చూసుకోవలసిందని చెప్పి నింద నెత్తినేసుకుంది. తర్వాత కొలిన్‌ను తన కారులో ఆ వంటామె ఇంటికి తీసుకెళ్లి, గుమ్మం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించింది. తిరిగొస్తూ దారి పొడుగునా ఏడ్చానని కొలినే నాతో చెప్పాడు.

చదువయ్యాక అతను పెద్ద పత్రికల్లో చాలాకాలం పనిచేశాడు. అక్కడ మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లో మా విశ్వవిద్యాలయ ప్రచార విభాగానికి అధికారిగా తిరిగొచ్చాడు. ఆ వారం మార్లిస్ ఇంట్లో కాల్చిన యాలకుల రొట్టె తెచ్చి అందరికీ పంచింది. మనవాడొచ్చాడని మురిసిపోయింది.

మూడేళ్లకు నొయెమీ కింటెరో అనే అమ్మాయి పత్రికలో చేరింది. వాళ్ల అమ్మానాన్నలు రాష్ట్రం దక్షిణాన పందిమాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తారు. నొయెమీతో ఒకే గదిలో ఉండే పిల్లకు హాస్టల్లో ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. గోడల వెనక నల్లగా బూజు పట్టి ఉంది. నొయెమీ చట్టప్రకారం దరఖాస్తు పెట్టి, ఆ భవనం తనిఖీ నివేదిక తెప్పించుకుంది. బూజు సంగతి పైవాళ్లకు రెండేళ్లుగా తెలుసని అందులో ఉంది.

ఆ వార్త అచ్చుకు వెళ్లే రోజు నేను ప్రూఫులు పట్టుకుని పత్రిక గదిలో ఉన్నాను. కొలిన్ వచ్చాడు. కూర్చోలేదు.

"రెండు వారాలు ఆపించండి మార్లిస్, చాలు. ఈ శనివారం కొత్తగా చేరబోయే పిల్లల తల్లిదండ్రులొస్తున్నారు."

"ఆపడం నా చేతుల్లో లేదు. నీకు తెలీదా?"

"మీరొక్క మాటంటే ఆ పిల్ల వింటుంది."

"వింటుంది. అందుకే అనను."

"మీ మంచికే చెబుతున్నా. పైన అందరూ మండిపడుతున్నారు."

"రాసినదాంట్లో అబద్ధముంటే చూపించు కొలిన్. ఇప్పుడే పిలుస్తా, దిద్దుకుంటుంది."

అతను నా వైపు చూశాడు. నేను ప్రూఫుల్లో తలదూర్చాను. అతను వెళ్లిపోయాడు.

పత్రిక వచ్చింది. శనివారం పొద్దున్నే నేను అచ్చుకూటం తలుపు తీస్తుంటే, భవనాల నిర్వహణ విభాగం మనుషులిద్దరు స్టాండ్లలోంచి పత్రికలన్నీ తీసి కట్టలు కడుతున్నారు. మోసుకెళ్లడానికి మా తోపుడు బండి అడిగారు. ఎవరు చెప్పారన్నాను. పైవాళ్లన్నారు. ఇచ్చాను.

మధ్యాహ్నానికి నొయెమీ ఆ పత్రికల్ని జిమ్ వెనక చెత్త డబ్బాలో, వానకు తడిసి ముద్దయి ఉండగా కనిపెట్టింది. అప్పటికి తల్లిదండ్రులు హాస్టల్ గదులు చూసి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. శుభ్రం చేసేవాళ్లెవరో పొరబడి ఉంటారని విశ్వవిద్యాలయం ప్రకటించింది. సోమవారం మార్లిస్ అచ్చుకూటానికి వచ్చి, ఎవరైనా చూశారా అని ఒక్కొక్కరినీ అడిగింది. నా దగ్గరికొచ్చేసరికి తల అడ్డంగా ఊపాను. నాకు పెన్షన్ రావడానికి ఇంకా కొన్నేళ్లుంది.

మార్చిలో ఆమెకు ఉత్తరం వచ్చింది. పత్రికను కొత్త కాలానికి తగ్గట్టు మలుస్తున్నామని, అందుకని సలహాదారు పదవి రద్దయిందని అందులో రాశారు. బయటికిచ్చిన ప్రకటన కింద కొలిన్ పేరుంది. నాలుగే వాక్యాలు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క అక్షరం తప్పు లేదు. అలా రాయడం వాడికి నేర్పింది ఆమే.

ఆచార్యులు కొందరు నిరసన పత్రం తయారు చేశారు. సంతకాలు పదకొండు దాటలేదు. కేసు వేస్తే మూడేళ్లు పడుతుందని వకీలు చెబితే ఆమె ఊరుకుంది. నొయెమీ తరగతులు మానేసి ధర్నాకు కూర్చుంటానంటే, ముందు డిగ్రీ పూర్తి చెయ్యమని కసిరింది. తన వార్త వల్లే మార్లిస్ ఉద్యోగం పోయిందన్న బాధ ఆ పిల్లను వదల్లేదు. పత్రికకు మళ్లీ ఒక్క వాక్యం రాయలేదు. ఇప్పుడొక బీమా కంపెనీలో పనిచేస్తోందని విన్నాను.

రెండేళ్లకు ఆ హాస్టల్‌ని కూల్చేశారు. విద్యార్థుల ఆరోగ్యమే మాకు ముఖ్యమని విశ్వవిద్యాలయం వాళ్ల సొంత సంచికలో రంగుల్లో వేసుకున్నారు. కొలిన్ ఉపాధ్యక్షుడయ్యాడు. విద్యార్థుల పత్రిక ఇప్పుడు కంప్యూటర్ తెరమీదే వస్తుంది, ప్రచార విభాగం కింద. పిల్లలు బారులు తీరి చేరుతున్నారు. ఉద్యోగాల దరఖాస్తులో రాసుకోవడానికి అనుభవం పనికొస్తుందట. క్యాంటీన్లో కొత్త వంటకాల మీద రాస్తారు, క్రీడాకారులతో ముచ్చట్లు వేస్తారు. పత్రిక గది తలుపు మీద 'మీ గొంతు వినిపించండి' అని బోర్డు పెట్టారు.

నేను రిటైరైన ఏడాది తలుపు బందులకోసం సరస్సు ఒడ్డునే ఇంకాస్త దూరానున్న ఊళ్లోని ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లాను. కౌంటర్ వెనక మార్లిస్ ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. బాగున్నావా అని ఆమె అడిగితే బాగున్నానని చెప్పి, మేకులు కూడా కావాలన్నాను. ఆమె తూస్తుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆ శనివారం బండి ఇచ్చింది నేనే మార్లిస్."

"తెలుసు వెర్న్. మీ అచ్చుకూటం పేరుంది దాని మీద. ఆ చెత్త డబ్బా పక్కనే వదిలేసిపోయారు."

"మరి నన్ను నిలదీయలేదేం?"

"అడిగాను. లేదన్నావు."

మనసులో పెట్టుకోవద్దని ఆమే అంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. నా వెనక ఒకాయన పగిలిన గొట్టం ముక్క పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమె నా పొట్లం ముందుకు జరిపి, ఆయన్ని ఏం కావాలని అడిగింది.