గాలికి ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ నన్ను మిరపకాయల కల్లంలో కూర్చోబెట్టి ఏడిపించిందని మా చుట్టాల్లో ఒక కథ తిరుగుతుంటుంది. ఆ కథను పుట్టించింది నేనే. అందులో అబద్ధమంటూ ఏమీ లేదు. కానీ ఉన్నది సగమే. మిగతా సగం ఇన్నేళ్లూ నేను ఎవరికీ చెప్పలేదు. మొన్న బోనకల్‌లో ఒక పెళ్లికి వెళ్లి వచ్చాక, ఇక ఊరుకోవడం బాగుండదనిపించి ఇది రాస్తున్నాను.

మేము హైదరాబాదులో, ముషీరాబాద్ వైపు ఒక గల్లీలో ఉండేవాళ్లం. మా గదికి ఆనుకుని బిస్కెట్లు కాల్చే భట్టీ ఒకటి ఉండేది. మా గోడకు అవతలి పక్కనే దాని పొయ్యి. అందుకని ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. ఎండాకాలంలో అమ్మ దాన్ని తిట్టుకునేది. నేను మాత్రం పుట్టినప్పటి నుంచీ ఆ గోడకు వీపు ఆనించే పడుకున్నాను. తెల్లవారుజామున వెన్న, చక్కెర కలిసి కాలుతున్న వాసన వస్తే లేచేవాణ్ని. ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయని, ప్రతి ఇంట్లోనూ ఒక వెచ్చటి గోడ ఉంటుందని అనుకునేవాణ్ని.

నాన్నకు వీధి మలుపులో సైకిళ్లు బాగుచేసే దుకాణం ఉండేది. దుకాణం ఉన్న ఇంటిని పడగొట్టి కొత్తది కడతామని ఇంటాయన ఖాళీ చేయమన్నాడు. చుట్టుపక్కల కిరాయిలు నాన్నకు అందేవి కావు. టేకులపల్లి దగ్గర మా పెదనాన్న ఒక్కడే సేద్యం చేసుకుంటున్నాడు. నాన్న పుట్టింది, పెరిగింది అక్కడే. ఇద్దరం కలిసి చేసుకుందాం రమ్మని ఆయన ఎప్పటి నుంచో అంటున్నాడు. అట్లా ఒక మార్చి నెలలో, నా ఐదో తరగతి ఇంకా పూర్తి కాకముందే, గిన్నెలూ పరుపులూ కట్టుకుని బయలుదేరాం. అమ్మ హైదరాబాదులోనే పుట్టిన మనిషి. పల్లెకు కాపురానికి వెళ్లడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. బస్సులో దారంతా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇల్లందులో బస్సు ఆగినప్పుడు అమ్మ నీళ్లకని దిగింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మ ముందర ఏడ్వకు బిడ్డా. నువ్వు ఏడ్చినవంటే ఆమె నిన్ను తీసుకొని మళ్ల పట్నం బస్సెక్కుతది. అప్పుడు నేనొక్కణ్నే ఈడ ఉండాలె" అన్నాడు. నాన్న అంత భయపడుతూ మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. ఏడవనని తలూపాను.

ఏడవలేదు కూడా. అదే పెద్ద చిక్కయింది. కొత్త ఊరు, పెంకుటిల్లు, ఊరు దాటగానే అడవి. సాయంత్రమైతే ఎక్కడి నుంచో ఇప్పపూల వాసన మత్తుగా వచ్చేది. పడుకుంటే వీపుకు తగిలే గోడ చల్లగా ఉండేది. ఏడుపు గొంతు దాకా వచ్చి అక్కడే గడ్డకట్టినట్టు ఉండేది. దాన్ని దాటి అన్నం ముద్ద దిగేది కాదు. మాట్లాడితే బయటపడుతుందేమోనని మాట్లాడటం మానేశాను. పిల్లాడు తినడం లేదు, పలకడం లేదు అని అమ్మ హడలిపోయింది. ఆదివారం దాకా చూసి, అప్పటికీ ఇట్లాగే ఉంటే నన్ను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానని నాన్నతో చెప్పేసింది. నాన్న నా వైపు చూశాడు. నేను మాట తప్పకపోయినా, ఆయన భయపడ్డదే జరగబోతోంది.

పెద్దమ్మ పొడవైన మనిషి. మాట గట్టిగా ఉండేది. నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు చేసిందీ లేదు, ఏమైందని అడిగిందీ లేదు. నా కంచంలో మిగిలిపోయిన అన్నం వైపు మాత్రం రోజూ చూసేది. శనివారం పొద్దున నాన్నా పెదనాన్నా ఖమ్మం వెళ్లారు. అమ్మ స్నానానికి పోయింది. పెద్దమ్మ నూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "చేతులకు రాసుకో. పనుంది, పా" అని నన్ను కల్లానికి తీసుకుపోయింది.

మిరప తోటలో కోసిన కాయలను ఆరబెట్టడానికి చదును చేసి అలికిన జాగా కల్లం. నేల కనిపించకుండా ఎర్రగా పరిచి ఉంది. ఒక పక్కన ఎండిన కాయలు కుప్ప పోసి ఉన్నాయి. అందులోంచి తెల్లబారిపోయిన తాలు కాయలను ఏరి పారేయాలి. గూడెం నుంచి వచ్చిన నలుగురైదుగురు ఆడవాళ్లు తమలో తాము వాళ్ల భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఏరుతున్నారు. అందరూ కుప్పకు ఒకే పక్కన, గాలికి వీపు పెట్టి కూర్చున్నారు. గాలి వాళ్ల వీపులకు తగిలి, కుప్ప మీదుగా అవతలికి పోతోంది. కాయలను కదిపినప్పుడు లేచే దుమ్మూ ఘాటూ అంతా ఆ అవతలి పక్కకే పోతుంది. అక్కడ ఎవరూ కూర్చోరు. మిరప పని చేసేవాళ్లకు అది ఒకరు చెప్పాల్సిన విషయం కాదు.

పెద్దమ్మ నన్ను సరిగ్గా అక్కడే, గాలికి ఎదురుగా కూర్చోబెట్టింది.

వాళ్లలో ఒక పెద్దామె చెయ్యి ఆపి, "ఏందక్కా, పిల్లగాన్ని గాలికి కూసోబెట్టినవ్? ఇటు తోలు" అంది.

"ఉండనియ్యి. పట్నం పిల్లగాడు. మిరపకాయంటే ఏందో తెలువద్దా?" అంది పెద్దమ్మ.

"తెలుస్తది తెలుస్తది. జల్దీనే తెలుస్తది" అని ఇంకొకామె అనడంతో అందరూ పకపకా నవ్వారు.

ఇంతవరకూ నేను చెప్పే కథలో ఉంటుంది. ఆ తర్వాత నా కళ్లు మండిపోవడం, తుమ్ముల మీద తుమ్ములు రావడం, ముక్కు ధారకట్టడం, ఇవన్నీ నేను అభినయించి మరీ చూపిస్తాను. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఈ కథకు ఎప్పుడూ మంచి నవ్వులు పడేవి. చివర్లో "మా పెద్దమ్మ అట్లాంటి మనిషి" అని ముగించేవాణ్ని.

నేను చెప్పకుండా వదిలేసింది ఇది. నన్ను కూర్చోబెట్టాక పెద్దమ్మ ఆడవాళ్ల పక్కకు వెళ్లలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నా పక్కనే, నా భుజానికి భుజం తగిలేలా, తనూ గాలికి ఎదురుగా కూర్చుంది. తనూ తుమ్మింది. ఆమె కళ్లలోంచీ నీళ్లు కారాయి. నా ముఖం వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. చేతులతో కాయలు కదుపుతూనే ఉంది.

మొదట కారినవి ఘాటుకు వచ్చిన నీళ్లే. తర్వాత ఎప్పుడో, నాకు తెలియకుండానే, అవి వేరే నీళ్లయ్యాయి. గొంతులో గడ్డ కదిలింది. వెక్కిళ్లు వచ్చాయి. తుమ్ముల్లో అవి కలిసిపోయాయి. మా గల్లీ, భట్టీ, నా తోటి పిల్లలు, చెప్పకుండా వచ్చేసిన బడి, అన్నీ గుర్తు తెచ్చుకుని తెచ్చుకుని ఏడ్చాను. నన్ను ఎవరూ ఎందుకని అడగలేదు. మిరపకాయల దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ని ఎవరడుగుతారు? మధ్యలో ఒకసారి పెద్దమ్మ, "ముక్కు చీదుకో. మళ్ల ఏరు" అంది, అంతే. నేను కుప్పలోకి చెయ్యి పెట్టాను. ఎండకు కాగిన కాయలు లోపలి దాకా వెచ్చగా ఉన్నాయి. చెయ్యి చాలాసేపు అట్లాగే ఉంచాను.

ఏడవడానికి ఇంకేమీ మిగలనంత సేపు అక్కడ కూర్చున్నాం. అప్పటికి అమ్మ వెతుక్కుంటూ వచ్చింది. నా ముఖం చూసి ఒక్క కేక పెట్టింది. "ఏమైందిరా?" అంటే, "ఘాటు అమ్మా" అన్నాను. అది నాన్నకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి అన్నదే. కానీ ఆ ఒక్క మాటతో నేరమంతా పెద్దమ్మ నెత్తిన పడింది.

"పిల్లాడు అన్నం తినక చస్తుంటే మిరపకాయల్లో కూర్చోబెడతారా అక్కా? మీకు మనసనేది ఉందా?" అని అమ్మ అరిచింది. వచ్చిన దగ్గర నుంచి గొంతెత్తని అమ్మ, దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ మింగినదంతా అప్పుడు కక్కింది. ఊరిని తిట్టింది, అడవిని తిట్టింది, ఎండను తిట్టింది, సైకిల్ దుకాణాన్ని కూడా తిట్టింది. ఆడవాళ్లు ఏరడం ఆపి చూస్తున్నారు. పెద్దమ్మ తలవంచుకుని కాయలు ఏరుతూనే, "అవ్ చెల్లె. తెలువక చేసిన. తప్పయింది" అంది.

కల్లం పక్కన పందిరి నీడలో తడిగుడ్డ చుట్టిన మజ్జిగ ముంత ఒకటి ముందే పెట్టి ఉంది. పెద్దమ్మ వేలు పెట్టి దాన్ని చూపించింది. అమ్మ విసురుగా తీసుకుని నా చేతులకూ ముఖానికీ రాసి కడిగింది. మేము రాకముందే ఆ ముంతను అక్కడ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అప్పుడు మా ఇద్దరికీ తోచలేదు. ఇంటికి వెళ్లగానే నాకు ఆకలేసింది. పప్పన్నం కడుపు పగిలేలా తిని, పగలే పడి నిద్రపోయాను.

సాయంత్రం ఖమ్మం నుంచి వచ్చిన నాన్న నా కళ్లు చూశాడు. సంగతి విన్నాడు. "ఎటు కూసోబెట్టినవ్ వదినా?" అని అడిగాడు. "గాలికి" అంది పెద్దమ్మ. చిన్నప్పుడంతా ఆ కల్లంలోనే ఆడుకున్న మనిషి నాన్న. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి నాన్న ఒక్కడే కుప్ప దగ్గర, నేను కూర్చున్న చోటే కూర్చుని తాలు ఏరుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, "ఈయేడు కాయ బాగా ఘాటున్నది" అన్నాడు.

ఆదివారం వచ్చింది, పోయింది. నేను తింటున్నాను, మాట్లాడుతున్నాను. అమ్మ బస్సెక్కలేదు. పెద్దమ్మ మీద కోపం మాత్రం ఆమెకు చాలా రోజులు ఉంది. మాకు ఆ ఊరు అలవాటైంది. నా కథ మా చుట్టాలకు అలవాటైంది.

మొన్న బోనకల్ పెళ్లిలో భోజనాలయ్యాక వరసకు నాకు అన్నయ్య అయ్యే ఒకాయన కొడుకు ఆ కథను నాకంటే బాగా అభినయించి చెప్పాడు. తుమ్ములూ వాడే తుమ్మాడు. కొత్త పెళ్లికూతురు నవ్వలేక పొట్ట పట్టుకుంది. మా పెద్దమ్మ అక్కడే కుర్చీలో ఉంది. ఇప్పుడు ఆమె నడుము వంగిపోయింది, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. అందరితో పాటు తనూ నవ్వింది. "గట్లనే కూసోబెట్టిన మరి, ఏంజేత్తరు? నాకు బుద్ధి లేకపాయె" అంది. కొత్తగా వచ్చిన పిల్ల ముందు, ఇంతమందిలో, ఒక్క మాట తన వైపు చెప్పుకోలేదు. నేను పక్కనే ఉండి, నోరు తెరవలేకపోయాను.

ఇంటికి వచ్చాక అమ్మ దగ్గర కూర్చుని అసలు సంగతి చెప్పాను. ఆ రోజు అది ఘాటు కాదమ్మా, ఏడుపు అన్నాను. పెద్దమ్మ కూడా నా పక్కనే కూర్చుందన్నాను. అమ్మ నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూసింది.

"ఏడ్చిన కళ్లేవో, మండిన కళ్లేవో తెలియనిదాన్నా? మజ్జిగ రాస్తున్నప్పుడే తెలిసింది. కానీ అప్పుడు నాకు పోట్లాడటానికి ఒక మనిషి కావాల్సి వచ్చిందిరా. మీ నాన్నతో పోట్లాడితే కాపురం ఉండేది కాదు. మీ పెద్దమ్మ దొరికింది. నేనేమన్నా పడింది." మళ్లీ తనే, "ఇప్పటికీ పడుతోంది, పాపం" అని, వెంటనే, "అయినా కూరలో ఉప్పు వేయడం ఇంతవరకూ నేర్చుకోలేదు" అంది. మర్నాడు వాళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ఆ ఉప్పు గురించే గొడవ పడుతున్నారు. నేను వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. పెళ్లిలో నోరెత్తనందుకు ఏదో చెప్పబోయాను. ఆమె నా వైపు చూడకుండానే రెండు గుప్పెళ్ల కాయలు నా ఒళ్లో పోసింది. "తుంచు. ముదురుయి పక్కకు పెట్టు" అంది.

నేనిప్పుడు దుమ్ముగూడెం వైపు ఒక పిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నాను. అప్పట్లో నేను పట్నం నుంచి అడవికి వచ్చాను. ఈ పిల్లలు అడవి లోపలి గూడేల నుంచి బయటికి వస్తారు. మా హాస్టల్ వాళ్లకు పట్నం లాంటిదే. జూన్‌లో బడి తెరిచిన వారమంతా చాలామంది ఏడుస్తారు. వాళ్ల గురించి బెంగ లేదు. ఏడవకుండా, కంచంలో అన్నం కదపకుండా కూర్చునే పిల్లాడు ఏటా ఒకడైనా ఉంటాడు. వాణ్ని వంటింటి వెనక వరండాలోకి పిలిచి, ముందర ఉల్లిగడ్డల గంపా కత్తీ పెడతాను.

మా వంటామెకు ఇది నచ్చదు. "ఏంది సార్, గిన్ని ఉల్లిగడ్డలు ఏంజేసుకుందాం? రేపు పప్పుచారు గద!" అని ఏటా సణుగుతుంది. పప్పుచారులోనే వెయ్యమంటాను. ఆ తర్వాత రెండు రోజులు మా పిల్లలు ఉల్లిగడ్డల్లో పప్పుచారు వెతుక్కుంటారు.

పిల్లాడు ఒలవడం మొదలుపెడతాడు. కాసేపటికి తల ఇంకా కిందికి వంచుకుంటాడు. నేను ఇంకో కత్తి తెచ్చుకుని వాడి పక్కనే, భుజానికి భుజం తగిలేలా కూర్చుంటాను. వాడి ముఖం వైపు చూడను. ముక్కు చీదుకుని మళ్లీ ఒలవమని మాత్రం చెబుతాను.