ఎర్రపట్టీలో ఎనిమిది పోగులు

పన్నెండేళ్లుగా ఎనిమిది పోగులు మోస్తున్నాను. నూలు పోగులే. తూచితే కాసు బరువు కూడా ఉండవు. లెక్కలు తెలిసినవాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు మీరు చెప్పక్కర్లేదు. అయినా బరువుగానే ఉన్నాయి.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. నాకు మాత్రం మగ్గం లేదు. బడి ఐదో తరగతితో ఆగింది. చారల దుప్పటికి ఏ రంగు ఎన్ని పోగులు వేయాలో లెక్క కట్టి ఇవ్వడం నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. మొదట్లో ఐదిళ్లకు ఐదు కాగితాలు ఉండేవి. ఒక కాగితంలో తప్పు దిద్దితే మిగతా నాలుగింటిలో అది అలాగే ఉండిపోయేది. ఒకరి దుప్పటికీ ఇంకొకరి దుప్పటికీ పొంతన ఉండేది కాదు. అందుకే అన్నీ పారేయించి ఒకే అట్ట మీద లెక్క రాశాను. నిలువు పోగుల పడుగు వేసే కొట్టం గోడకు వేలాడదీశాను. ఐదు మగ్గాలకూ అదే లెక్క. గట్టిగానే చెబుతున్నాను, ఆ పని తప్పు కాదు. ఇప్పటికీ కాదంటాను.

ఐదిళ్లకూ పడుగు వేసేది రంగమ్మక్క. కర్ణాటక సరిహద్దు పక్కన హొళగుంద నుంచి వచ్చిన మనిషి. చదువు రాదు, అంకెలు వచ్చు. అట్ట చూసి, కన్నడంలో లోలోపల లెక్కపెట్టుకుంటూ పోగులు వేసేది. ఆమె చేతిలో ఒక్క పోగు తప్పిందని ఎవరూ ఎన్నడూ అనలేదు.

ఐదింటిలో వీరన్న మగ్గం ఇరుకు. అంచున ఎర్రపట్టీకి యాభై ఆరు పోగులు దానిలో పట్టవు, నలభై ఎనిమిదే పడతాయి. అతని కొలత వేరే చీటీ మీద రాసి ఇవ్వాల్సింది. బద్ధకించాను. బ్లేడుతో అట్ట మీది యాభై ఆరు గీకి నలభై ఎనిమిది రాశాను. వీరన్న పడుగు అయ్యాక మళ్లీ మార్చవచ్చులే అనుకున్నాను. మర్నాడు ఆదోనిలో బంధువుల పెళ్లికి వెళ్లాను. తిరిగి వచ్చాక కూడా అట్ట గుర్తుకు రాలేదు.

ఆ దుప్పట్లు రెండు ముక్కలు. ఒక ముక్క ఒకరింట్లో, జత ముక్క ఇంకొకరింట్లో నేసి నడిమధ్య కలిపి కుడతారు. కుట్టుకు రెండు పక్కలా ఎర్రపట్టీ సమంగా రావాలి. నేను అట్ట గీకకముందే రెండిళ్ల పడుగులు అయిపోయాయి. గీకాక వీరన్నదీ, ఇంకో రెండిళ్లవీ అయ్యాయి. వీరన్న తన రెండు ముక్కలూ తానే నేసుకుంటాడు కాబట్టి అతనివి బాగానే వచ్చాయి. మిగతా నాలుగిళ్ల ముక్కలు జత కుడితే కుట్టుకు ఒక పక్క పట్టీ లావు, ఒక పక్క సన్నం. ఆ మూటలన్నీ మేం సరుకు అమ్మే ఆదోని దుకాణం నుంచి తిరిగి వచ్చాయి.

మూట విప్పగానే నాకు అర్థమైంది. పెద్దలు కొట్టానికి వచ్చేలోగా పరుగున వెళ్లి, నలభై ఎనిమిది గీకి యాభై ఆరు రాశాను. మొదటిసారి గీకింది బద్ధకం. రెండోసారి గీకినదానికి ఏం పేరు పెట్టను?

వీధి పెద్ద నరసప్ప అట్ట చూశాడు. “ఈడ యాభై ఆరుందే రంగమ్మా. వీరన్నకేసే నలభై ఎనిమిది మిగతావాళ్లకు ఎట్లేసినావు?”

“నలభై ఎనిమిదే ఉండె అప్పా. సూసే ఏసినా.”

“మనవరాలు పుట్టినప్పట్నుంచి అక్క లెక్క కూడా ఉయ్యాలూగుతాంది,” అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు.

ఆమె నా వైపు తిరిగింది. “రాసినోడివి నువ్వు. నువ్వు సెప్పప్పా, ఏముండె?”

“యాభై ఆరేనక్కా. మొదట్నుంచీ అదే ఉండాది.”

“అట్లనా,” అంది. అట్ట వైపు చూసింది. “అయితే నా కండ్లే పోయినాయిలే.”

ఆ తర్వాత ఆమెను ఎవరూ పడుగుకు పిలవలేదు. కౌతాళంలో కూతురి దగ్గరికి పోయింది. పత్తి తీయడానికి పోతోందని విన్నాను.

ఎందుకు చెప్పలేదు? అట్టను కాపాడటానికే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నేను ఒప్పుకుంటే ఉమ్మడి లెక్కే దండగ అంటారని, ఐదిళ్లూ మళ్లీ ఐదు కాగితాల గందరగోళంలో పడతాయని, ఒక మనిషి మాట పోయినా ఐదిళ్ల పని నిలుస్తుందని. అబద్ధం. అట్టను ఆ వారమే దింపేశారు. నేను కాపాడుకున్నది నన్నే. మగ్గం లేదు, పొలం లేదు, ఎన్నడూ తప్పిపోని లెక్క ఒక్కటే నా ఆస్తి. ఆమె ఆస్తీ అదే కదా?

రెండేళ్లకు పోట్లాడి మళ్లీ అట్ట వేలాడదీశాను. ఈసారి ఉమ్మడి లెక్క గోడ మీద, ఏ మగ్గం కొలత ఆ మగ్గానికే కట్టిన చీటీ మీద. ఎవరి కొలత కోసమూ గోడ మీది అంకె ముట్టుకోకూడదు. ఇప్పుడు పదకొండు మగ్గాలు దానితోనే నడుస్తున్నాయి. భలే ఉపాయం అంటారు. నిజంగానే భలే ఉపాయం. సిగ్గుపడి దాన్ని తక్కువ చేయను. అది ఎవరి పరువు పోయిన చోట పుట్టిందో మాత్రం ఇన్నాళ్లూ చెప్పలేదు.

క్షమించమని అడగను. అడిగితే రంగమ్మక్క నెత్తిన ఇంకో పని పెట్టినట్టే. మీరు తిట్టుకుంటే తిట్టుకోండి.

పాత అట్ట నా దగ్గరే ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒక్క గడిలోంచే వెలుగు వస్తుంది, రెండుసార్లు గీకిన చోటునుంచి. ఆమె ఆ పడుగులు వేసిన రోజుల్లో ఆ గడిలో ఉన్నది నలభై ఎనిమిది. గీకింది నేను. రంగమ్మక్క లెక్క తప్పలేదు.