గేటు బయటే నిలబడిన మంగ

మా కడియం నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపే మంగ తన మూడేళ్ల కూతురికి జ్వరమని చెప్పగానే, సోమవారం ఆమెను గేటు దగ్గరే ఆపేశాను. "స్వైన్ ఫ్లూ రోజులే, తగ్గేదాకా లోపలికి రాకు" అన్నాను. అంతకు నాలుగు రోజుల ముందే మా పాప దగ్గుతుంటే, యూనిట్ టెస్టు పోతుందని మాత్ర వేసి బడికి పంపాను. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి మంగ కూతురితోనే ఆడుకుంది.

మా పాపకు దగ్గు తగ్గక ఈ రోజు రాజమండ్రి తీసుకెళ్తే డాక్టరు గారు టెస్టు చేయించారు. "స్వైన్ ఫ్లూ కాదండి, బి రకం ఫ్లూ. మీ పాపకి తగ్గిపోతుంది గానీ ఐదేళ్లలోపు పిల్లలకి ఇదీ ప్రమాదమే. ఎవరితోనైనా ఆడుకుందాండి?"

తిరిగొచ్చేసరికి మంగ కూతుర్ని ఎత్తుకుని గేటు బయట నిలబడి ఉంది.

"పాపకెలా ఉందండి?"

"లోపలికి రా మంగా."

"వద్దండి. మా పిల్ల వల్లే పాపకి అంటుకుందేమోనండి."

వెంటనే ఆ పిల్లను డాక్టరుకు చూపించాను, మందులు ఇప్పించాను. ముందు దగ్గింది మా పాపేనని మాత్రం చెప్పలేదు. ఇక్కడ రాసి ఇంతమందికి చెప్పేశాను, మంగకు చెప్పడానికే నోరు రావడం లేదు. మీరైతే ఎలా మొదలుపెడతారు?