ఇన్‌ఛార్జి అయ్యాను

నాచారంలో మందుబిళ్లలు ప్యాక్ చేసే కంపెనీలో ఆరేళ్లు పనిచేశాక నన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారు. మా ఆయన చెంగిచెర్లలో మా గల్లీ అంతా చెప్పుకొచ్చాడు. నాకూ సంబరంగానే ఉండింది, అబద్ధమెందుకు! ఇంగ్లిషు మాట కదా, దానికేవో కొమ్ములుంటాయనుకున్నాను.

కొమ్ముల్లేవు, నా మొహం. సెలవిచ్చేది మేనేజరే, మనుషుల్ని పెట్టేదీ తీసేదీ ఆయనే. మిషన్ ఆపాలన్నా ఆయన్నే అడగాలి. మరి ఇన్‌ఛార్జి చేసేదేమిటయ్యా అంటే, ఏదైనా చెడినప్పుడు "ఇన్‌ఛార్జి ఎవరు?" అని ఆయన కేకేస్తే పోయి ఎదురుగా నిలబడటం. అంతే. నిన్నటిదాకా అక్కా అన్నవాళ్లంతా మేడం అనడం మొదలుపెట్టారు. అక్కా అనడం మాననిది ఒక్కతే. ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి, నాకోసం పక్కన చోటు ఆపిపెట్టే నా దోస్తు. ఆమె బిళ్లల్ని రేకులో పెట్టి అతికించే స్ట్రిప్ మిషన్ మీద చేసేది.

ఆ మిషన్ ముందు ఒక మూత ఉంటుంది. అది తెరిస్తే మిషన్ దానంతటదే ఆగిపోవాలి. ఆగితే మాల్ తగ్గుతుందని, ఆగకుండా మూత దగ్గరి స్విచ్‌కు టేపు చుట్టేవాళ్లం. రేకు ఇరుక్కుంటే నడుస్తున్న మిషన్‌లోనే చెయ్యిపెట్టి లాగాలి. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే టేపు తీసేవాళ్లం, వాళ్లు పోగానే మళ్లీ చుట్టేవాళ్లం. చుట్టమని చెప్పింది మేనేజరు, నోటిమాటగా. చుట్టాల్సింది ఇన్‌ఛార్జి. రోజూ పొద్దున నా చేత్తోనే చుట్టేదాన్ని.

ఒక పొద్దున, టీ టైముకు ముందు, నా దోస్తు చెయ్యి ఆ మిషన్‌లో పడింది. రెండు వేళ్లు పోయాయి. ఆమె కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. దవాఖానాకు పంపి వచ్చేసరికి మేనేజరు తలుపు వేసుకుని కూర్చున్నాడు, ముందర కాగితం.

"టేపు ఎవలు సుట్టిన్రు?"

"మీరు సుట్టమంటేనే గద సార్..."

"నేనన్నట్టు ఏడన్న రాసున్నదా? ఇన్‌ఛార్జివి నువ్వు. నువ్వు చెప్పినా ఇనకుంట ఆమెనే చెయ్యి పెట్టిందని రాయి. లేదంటే నీ తప్పని రాయి, పోలీసులకు నువ్వే చెప్పుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా తప్పని రాస్తే ఉద్యోగం పోతుంది, కేసు మీద పడుతుంది. ఆమె తప్పని రాస్తే కంపెనీ ఆమెకు ఏమీ ఇవ్వదు, ఆ చేత్తో మళ్లీ పనిలోకీ రానివ్వదు. నాకు భయమేసింది. నా పిల్లలు కళ్ల ముందు మెదిలారు. ఆమెకూ పిల్లలున్నారని తెలిసి కూడా, మేనేజరు ఇంగ్లిషులో చెబుతుంటే ఆమె తప్పే అని రాశాను. కింద సంతకం పెట్టి, ఇన్‌ఛార్జి అని కూడా రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

దాని మీద ఆమె సంతకం కూడా కావాలట. అది తెచ్చేదీ ఇన్‌ఛార్జే. మర్నాడు దవాఖానాకు పోయాను. కుడిచేతికి పెద్ద కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే జరిగి, పక్కన చోటిచ్చింది. కాగితం, పెన్ను ఆమె ముందు పెట్టాను.

"గిదంత ఇంగ్లిషులున్నది, ఏం రాసిన్రు అక్కా?"

"జరిగిందే రాసిన" అన్నాను.

"నువ్వు రాసినవా? ఇగ ఫికర్ లేదు తియ్" అని పెన్ను ఎడమచేత్తో పట్టుకుంది. రెండక్షరాలు రాసేసరికి కాగితం పక్కకు జారింది.

"జర గట్టిగ పట్టుకోరాదే అక్కా, కదులుతున్నది."

రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను, ఆమె పేరంతా రాసేదాకా.