ఎక్కడున్నామో అడిగే అక్క

ఎనభైల చివర నంద్యాలలో మా పంటల లెక్కల ఆఫీసుకు యూనిక్స్ కంప్యూటరు వచ్చింది. మిషను ఒకటే, తెరలు రెండు, ఇద్దరికీ ఒకే లాగిన్. ఒక తెర ముందు నేను, రెండో దాని ముందు మా టైపిస్టు అక్క. నాది పర్మనెంటు ఉద్యోగం. ఆమెది ఆర్నెల్ల ఆర్డరు. ఆళ్లగడ్డ దిగుబడి లెక్కలు నెలాఖరుకు ఎక్కిస్తేనే మళ్లీ ఇస్తామని ఆఫీసరు మొహం మీదే చెప్పేశాడు.

ఆమె పనితీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. మిషన్లో ఫైళ్లు దాచే అరలే డైరెక్టరీలు, ఒకదాని లోపల ఒకటి: జిల్లా, మండలం, ఊరు, పంట. పోయిన ప్రతిసారీ ఆ దారంతా అక్షరం అక్షరం కొట్టేది. చేరాక పీ డబ్ల్యూ డీ కొట్టి, ఎక్కడున్నామని మిషన్నే అడిగేది. తాను పోయిన చోటు తనకు తెలీదా! బస్సులో ప్రతి స్టాపుకీ "ఇది యాడప్పా?" అని అడిగే ముసలమ్మ నయం.

నేను షార్టుకట్లు రాసిపెట్టాను. ఏ ఎల్ కొడితే ఆళ్లగడ్డ, పీ జీ కొడితే పగిడ్యాల, సీ హెచ్ కొడితే పనికిరాని ఫైళ్లు పడేసే చెత్త డైరెక్టరీ.

"అక్కా, రెండక్షరాలతో పోయేదానికి ఇంత తతంగమేంది?"

"బేగా పోయి ఏం చేస్తాంలేప్పా. యాడుండామో తెలియొద్దా?"

ఆమెకు చెప్పేకంటే గోడకు చెప్పుకోవడం మేలు.

నెలాఖరుకు ఇంకా మూడు రోజులుంది. ఆమె అన్నానికి పోయింది. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఏ ఎల్ కొట్టి ఆళ్లగడ్డలోకి పోయాను. అంతలో డిస్కు నిండిందని మిషను మొరాయించింది. అలవాటుగా సీ హెచ్ కొట్టాను, ఆ వెంటనే మనమున్న డైరెక్టరీలోవన్నీ తుడిచేసే ఆజ్ఞ కొట్టాను. తెర వైపు చూడనుకూడా లేదు. చెత్త డైరెక్టరీకి ముందురోజు పేరు మార్చింది నేనే, షార్టుకట్టులో మార్చడం మరిచిందీ నేనే. అలాంటి డైరెక్టరీ లేదని మిషను చెప్పనే చెప్పింది. నేను ఆళ్లగడ్డలోంచి కదలనేలేదు. ఆమె ఐదు వారాల పాటు కొట్టిన లెక్కలన్నీ పోయాయి. శనివారం శనివారం అన్నిటికీ నకలు తీసి టేపుకెక్కించడం నా పనే. ఆ ఐదు వారాలూ బద్ధకించాను.

అక్క వచ్చి నా మొహం చూసింది. "ఏందప్పా, యాడుండావ్?" అంటూ వంగి పీ డబ్ల్యూ డీ కొట్టింది. ఆళ్లగడ్డ అని వచ్చింది. లోపల ఒక్క ఫైలూ లేదు. కుర్చీ లాక్కుని, ఊళ్ల నుంచి వచ్చిన లెక్కల చీటీల కట్ట మళ్లీ విప్పింది.

చీటీలు నేను చదువుతుంటే ఆమె కొట్టింది. మూడు రోజులకు సగం కూడా కాలేదు. తప్పు నాదని ఆఫీసరుకు రెండుసార్లు చెప్పాను. "లెక్కలైతే కాలేదు కదా" అన్నాడు. నన్ను తిట్టి వదిలేశాడు. ఆమె ఆర్డరు అంతటితో ముగిసింది.

సోమవారం ఒక్కణ్ణే కూర్చుని ఏ ఎల్ కొట్టాను. ఎన్నడూ లేనిది, ఆళ్లగడ్డకు దారంతా తెర మీద వచ్చింది. షార్టుకట్ల ఫైలు తెరిచి చూశాను. పోయేముందు అక్క ప్రతి షార్టుకట్ చివరా పీ డబ్ల్యూ డీ చేర్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. సీ హెచ్ దగ్గర కొత్త పేరు కూడా ఆమే దిద్దింది. అప్పటిదాకా దాన్ని దిద్దాలన్న సంగతే నాకు గుర్తు లేదు.