అమావాస్య రోజు రెండో ఆల్బమ్

ఆ రోజుల్లో నాకు లోకంలో ఒక్క విషయం మీదే గట్టి నమ్మకం: నా తాళం తప్పదు. బెంగళూరు కబ్బన్‌పేటలో మాది నేతవాళ్ళ ఇల్లు. కింద మరమగ్గాల షెడ్డు, పైన గదిలో మా రాక్ బ్యాండు. గిటారు స్వరాన్ని సాగదీసి, మెలిపెట్టి, వినేవాళ్ళకు మెలకువలోనే కల తెప్పించే సంగీతం మాది (సైకడెలిక్ అనేవాళ్ళు, నాన్న మాత్రం పిశాచాల భజన అనేవాడు). గిటారు మా మేనత్త కొడుకు జులపాల బావది, డ్రమ్ములు నావి. మొదటి ఆల్బమ్ ఆ గదిలోనే రికార్డు చేశాం. విన్నవాళ్ళంతా డ్రమ్ములే బాగున్నాయన్నారు. ఆ పొగడ్తను ఎంత భద్రంగా దాచుకున్నానో చెబితే మీరు నవ్వుతారు.

రెండోది మంచి స్టూడియోలో చేయాలని బావ పంతం. మా వెనక ఏ కంపెనీ లేదు; తన మోటారుసైకిలు అమ్మి ఒక్క రోజుకు స్టూడియో మాట్లాడాడు. ఈ ఆల్బమ్ కూడా అమ్ముడుపోకపోతే హొసకోటె ఫ్యాక్టరీలో చేరతానని మేనత్తకు మాటిచ్చాడు. నాకు షెడ్డు పని లేని రోజు కావాలి కాబట్టి అమావాస్య కుదిర్చాం (ఆషాఢ అమావాస్య, గురువారం, ఇలాంటివి నేను మరచిపోను). ఆ రోజు మావాళ్ళు మగ్గం ముట్టరు.

స్టూడియో గోడలకు దూది మెత్తలు. తలుపు మూయగానే ఏ చప్పుడూ లేదు. కర్రలు ఎత్తాను. కొంతసేపు పాట కన్నా ముందుకు పరుగెత్తాను, తర్వాత వెనకబడ్డాను.

బావ గిటారు ఆపి, "ఎవురే నిన్ను తరుముతుండేది?" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాం. "ఇప్పుడేమే, నిద్రపోతుండావా?"

అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తాళం వేసింది నేను కాదు, కింది మగ్గం. పుట్టినప్పటి నుంచీ దాని వెంట నడుస్తూ, నేనే నడిపిస్తున్నానని మురిసిపోయాను.

ఇంటికి ఫోను చేశాను. "అప్పా, ఒక్క మగ్గం ఆడించప్పా. ఫోనులో వింటాను."

"అమావాస్య పూట మగ్గం ముట్టేదా? బుద్ధి ఉండాదా నీకు?"

"బావ బతుకు ఉండాదప్పా ఇందులో."

"వాని బతుక్కి అమావాస్యే దొరికెనా?" అని నాన్న పెట్టేశాడు.

సాయంత్రానికి ఎలాగో పాటలన్నీ ముగించాం. ఆ ఆల్బమ్‌ను మా చుట్టాలు కూడా కొనలేదు. బావ జులపాలు కత్తిరించుకుని హొసకోటె బయలుదేరాడు. నేను ఏడుస్తుంటే, "ఊరుకోవే, ఆడ నిండా మిషన్లుండాయంట. తాళానికి కొదవ లేదు," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను ఇంకా ఏడ్చాను.

ఆ తర్వాత ఒక ఆఫీసులో లెక్కలు చూశాను. నా పనిలో తప్పు పట్టినవాళ్ళు లేరు. డ్రమ్ముల ముందు మళ్ళీ కూర్చోలేదు. ఈమధ్య మనవరాలు ఎక్కడో ఆ ఆల్బమ్ సంపాదించి వినిపించింది.

"అజ్జీ, ఎవురిదీ డ్రమ్స్? పాపం, నిండా భయపడుతుండాది."

నిజమే. ఆ అమ్మాయి పాట పొడవునా తడబడుతూనే ఉంది. కానీ చివరిదాకా కర్రలు మాత్రం కింద పెట్టలేదు. అంత ధైర్యం ఆమెకు ఎక్కడిదో నాకు తెలియదు. ఆ రోజు తర్వాత నా దగ్గర మాత్రం లేదు. నాలో నేనే నవ్వుకుని, "తెలిసిన పిల్లేలే," అన్నాను.